కోళ్ల మందు తెచ్చిన రోజులు

నేను గుడ్డు రుచి ఎరగను. అయినా పదిహేనేళ్లకు పైగా గుడ్లమ్మి ఇల్లు నడిపాను. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. అప్పట్లో మా చుట్టాలు మాత్రం నవ్వలేదు. కొందరు శుభకార్యాలకు పిలవడం మానేశారు. పిలిచినవాళ్లు భోజనాల దగ్గర మమ్మల్ని ఒక మూలగా కూర్చోబెట్టారు.

మాది గుంటూరు వైపు. మా ఆయనకు నాచారంలో ఒక కర్మాగారంలో స్టోర్ కీపరుగా ఉద్యోగం దొరికితే ఉప్పల్‌కు వచ్చి పడ్డాం. అప్పటి ఉప్పల్ అంటే ద్రాక్ష పందిళ్లు, జొన్న చేలు, వాటి మధ్య విసిరేసినట్టు కొన్ని ఇళ్లు. మా అద్దె ఇల్లు చిన్న పెంకుటిల్లు. కానీ వెనక జాగా మాత్రం ఒక తోటంత ఉండేది. మేమిద్దరం, మా అత్తగారు, బడికి వెళ్లే అమ్మాయి. తర్వాత బాబు పుట్టాడు.

బాబు కడుపులో ఉండగానే కర్మాగారంలో గొడవలు మొదలై గేటుకు తాళం పడింది. ఇవాళ తీస్తారు, రేపు తీస్తారు అనుకుంటూ నెలలు గడిచాయి. ఆ రోజుల్లోనే ప్రభుత్వం వాళ్లు ఆడవాళ్లకు కోళ్ల పెంపకం నేర్పిస్తున్నారని ఎవరో చెప్పారు. మా ఆయన ఆ కబురు విని, "మనకెందుకులే అవి" అని తల తిప్పేసుకున్నారు. ఒప్పుకున్నది మా అత్తగారు.

ఆవిడ సంగతి చెప్పాలి. చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి. మడి కట్టుకుని వండుకునేది, బయటి నీళ్లు ముట్టేది కాదు. ఆవిడకు ఈ విషయం ఎలా చెప్పాలా అని నేను రెండు రోజులు తంటాలు పడ్డాను. చివరికి చెబితే ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూనే అంది:

"గుడ్డు పెట్టేది కోడి. తినేది ఊళ్లోవాళ్లు. మధ్యలో మనకేం అంటుకుంటుందే? ఇంట్లో పొయ్యి వెలగకపోవడం కంటే పెద్ద మైల ఏముంది?"

అంతే. వెనక జాగాలో షెడ్డు లేచింది. నా చేతి గాజులు ఏమయ్యాయో మీరే ఊహించుకోండి.

మొదట్లో చేసిన తప్పులు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కోళ్ల దాణాలో ఎండుచేపల పొడి కలపాలి. ఆ మొదటి బస్తాను బండివాడు తెచ్చి సరాసరి మా వంటింటి పంచలో దింపి వెళ్లాడు. ఉప్పల్‌లోని పిల్లులన్నీ ఆ సాయంత్రం మా ఇంటికే వచ్చాయి. అత్తగారు ముక్కుకు కొంగు కట్టుకుని పంచంతా ఆవుపేడతో అలికింది. మర్నాటి నుంచి బస్తాలు దొడ్డిదారిన వచ్చేవి.

షెడ్డు పని నా ఒక్కదాని వల్ల కాలేదు. ద్రాక్ష తోటల్లో కూలికి వెళ్లే ఒకావిడను పెట్టుకున్నాను. ఆ ఊరి మనిషి, ఇంచుమించు నా ఈడుది. నోరు పెద్దది, చెయ్యి అంతకంటే చురుకు. నాలుగు నాటుకోళ్లు ఆవిడకూ ఉండేవి. ప్రతి ఎండాకాలం వాటికి కొక్కెర తెగులు తగిలి గంపకింది పిల్లతో సహా తుడిచిపెట్టుకు పోయేవి. ఆ తెగులు వచ్చిన కోడి మెడ వంకర తిరిగి, నోరు తెరిచి, నిలబడ్డ చోటే కూలిపోతుంది. వచ్చాక చేసేదేం లేదు. రాకముందే టీకా వేయించాలి.

ఇక ఆ శనివారం గురించి చెబుతాను.

మా కోళ్లు గుడ్లకు రావడానికి ఇంకా కొన్ని వారాలున్నాయి. అంటే అప్పటిదాకా అవి తినడమే తప్ప ఇచ్చింది లేదు. రెండోసారి టీకా వేయించాల్సిన సమయం దగ్గరపడుతుండగా నాచారం వైపు ఒక షెడ్డులో తెగులు పడిందని వార్త వచ్చింది. మా ఆయన వేరే ఉద్యోగం చూసుకోవడానికి బెజవాడ వెళ్లి ఉన్నారు. మందు సిటీలోని పశువుల ఆస్పత్రిలో దొరుకుతుంది. దాన్ని ఐసులో పెట్టి తేవాలి. పక్కింటివాళ్లను అడిగి ఫ్లాస్కు తీసుకున్నాను. బాబుకు అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు, నా పాలు లేకపోతే ఉండడు. వాణ్ని చంకనేసుకుని పొద్దున్నే బస్సెక్కాను.

ఆస్పత్రిలో మందిచ్చిన ఆయన ఆ చిన్న గాజు సీసాను ఐసు ముక్కల మధ్య పెట్టి మూత బిగిస్తూ అన్నాడు: "అమ్మా, జర జల్దీ ఇంటికి పోండ్రి. ఐస్ కరిగిందంటే ఇది మందు గాదు, ఉత్త పొడి."

తిరుగు బస్సులో బాబు ఒళ్లు వెచ్చబడింది. ఎండ కదా అనుకున్నాను. తార్నాక దాటేసరికి నా జాకెట్టు మీంచి కూడా వాడి వేడి తెలిసింది. హబ్సిగూడ వస్తుండగా వాడి చేతులు కొయ్యబారాయి, కళ్లు పైకి తేలేశాడు. పక్క సీటులో పెరుగు కుండ పెట్టుకుని కూర్చున్న ముసలావిడ చూసి కేకేసింది.

"అయ్యో, పోరడికి ఫిట్స్ వచ్చినయ్! నీళ్లు పట్టున్రి, నీళ్లు!"

బస్సులో ఎవరి దగ్గరా నీళ్లు లేవు. కండక్టరు ఈల వేసి బస్సు ఆపించాడు. అప్పటికే నా చేయి ఫ్లాస్కు మూత తిప్పేసింది. గాజు సీసా తీసి ఒళ్లో పడేసుకుని, ఐసు ముక్కలన్నీ కొంగులో మూటకట్టి వాడి తల మీద, మెడ మీద, చంకల్లో అద్దాను. కరిగిన నీళ్లతో ఒళ్లంతా తుడిచాను. ముసలావిడ వాణ్ని పక్కకు తిప్పి పట్టుకుంది. కాసేపటికి వాడి చేతులు వదులయ్యాయి. తర్వాత ఏడ్చాడు. ఆ ఏడుపు విని బస్సంతా ఊపిరి పీల్చుకుంది.

"ఇగ ఫికర్ జెయ్యకమ్మా," అన్నాడు కండక్టరు. "గా ముంగట డాక్టరున్నడు. నేను సూపిస్త, రా." బస్సు నిండా జనాన్ని అట్లాగే కూర్చోబెట్టి, మమ్మల్ని డాక్టరు గుమ్మం దాకా తీసుకెళ్లి అప్పుడు వెళ్లాడు.

డాక్టరు సూది వేసి, జ్వరానికి మందు రాసిచ్చి, పిల్లలకు జ్వరం తలకెక్కితే ఇలా వస్తుందని, భయపడవద్దని చెప్పాడు. బాబు నా భుజం మీద నిద్రపోయాడు. బల్ల మీద కూర్చుని వాడి వీపు నిమురుతున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈమధ్య వ్యాపారాలు పెట్టుకున్న అమ్మాయిలు నా దగ్గరకు వచ్చి, "తల్లి మనసు ముందు వ్యాపారం ఎంత" అని నాతో చెప్పించాలని చూస్తుంటారు. ఫ్లాస్కు తెరిచేటప్పుడు నేను ఏమీ ఆలోచించలేదు, నిజమే. కాని పిల్లవాడు నిద్రపోయిన మరుక్షణం నాకు గుర్తొచ్చింది షెడ్డే. వాడి ఊపిరి ఒక చెవిన పడుతుంటే, రెండో చెవిన కోళ్ల కూత వినిపించింది. అది తప్పని అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. ఆ కోళ్లు కూడా ఈ పిల్లవాడి కోసమే కదా.

ఇంటికి చేరేసరికి షెడ్డు దగ్గర టీకా వేసే ఆయన కూర్చుని ఉన్నాడు. పశువైద్యశాలలో పని చేస్తూ, తీరిక ఉన్నప్పుడు ఇలా షెడ్లకు వచ్చి సాయం చేసేవాడు. మంచివాడే. సూదులన్నీ మరగబెట్టి పెట్టుకున్నాడు. మా పనావిడ తన నాలుగు కోళ్లనూ గంపలో పెట్టుకుని వచ్చింది, పనిలో పనిగా వాటికీ వేయిస్తానని. బాబును అత్తగారి చేతికిచ్చి, జరిగింది చెప్పి, సీసా ఆయన ముందు పెట్టాను. అది నా చేతిలో వెచ్చగా ఉంది.

ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. లోపల తెల్లటి పొడి చిటికెడు. అది పనికొస్తుందో లేదో చూసి చెప్పగలిగే మనిషి లేడు.

"సూడనీకి మంచిగనే ఉన్నదమ్మా," అన్నాడు. "ఏసేద్దాం. రేపు ఐతారం, ఆస్పత్రి బందు. సోమారం దాంక ఎట్ల ఆగుతరు? ఏసినమన్న ధైర్నమన్న ఉంటది."

మా పనావిడ గంప మీద చేయి వేసుకుని నా వంక చూసింది. "అమ్మా, నువ్వు సెప్పు. గది పనిజేస్తదా?"

"తెలీదు."

"పనిజెయ్యకుంటే?"

"వేసినా వేయనట్టే."

"అయితె నాకొద్దు," అంది. "ఏపిచ్చిన అనుకోని నేను ఇడిసిపెడత. వాకిట్ల తిరుగుతయ్, పక్కోళ్ల కోళ్లల్ల కలుస్తయ్. ఏపియ్యలేదంటె గంప కిందనే మూసిపెట్టుకుంట. నీయి నీ ఇష్టం."

ఆమె తన కోళ్ల సంగతే చెప్పింది, నాకు సలహా ఇవ్వలేదు. కాని నాకూ అదే లెక్క అనిపించింది. వేశామనుకుంటే రేపు ఏ కోడి తూగినా ఎండకు తూగిందనుకుంటాం. దాణా బండివాణ్ని లోపలికి రానిస్తాం. వేయలేదని తెలిస్తే కళ్లు తెరిచి ఉంటాం. ఆ సీసాను గొయ్యి తీసి పాతేయించాను. టీకా వేసే ఆయన సూదులు సర్దుకుంటూ, "మీ ఇష్టం. సోమారం మందు తెస్తే నేనస్త," అని వెళ్లిపోయాడు.

షెడ్డు మధ్యలో గోడ ఉండేది. రోడ్డు వైపు ఒక గది, తోట వైపు ఒక గది. ఆ సాయంత్రమే రెండింటి మధ్య తలుపు మూసేశాం. రోడ్డు గదికి నేను, తోట గదికి ఆమె. ఒకరి గదిలోకి ఒకరం వెళ్లకూడదు, బకెట్లు కూడా కలవకూడదు అనుకున్నాం. గుమ్మాల ముందు సున్నం పోశాం.

ఆదివారం మధ్యాహ్నం రోడ్డు గదిలో మొదటి కోడి మెడ వేలాడేసింది. సాయంత్రానికి మూలమూలనా నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి.

నేను గుమ్మంలో నిలబడిపోయాను. ఇంట్లో బాబుకు జ్వరం పూర్తిగా తగ్గలేదు, ఉండుండి ఏడుస్తున్నాడు. షెడ్డులోంచి వెళ్లి స్నానం చేయకుండా వాణ్ని ఎత్తుకోలేను. స్నానం చేసి ఎత్తుకుంటే షెడ్డులో మరోటి పడిపోతుంది. ఆ రోజు నేను ఎన్నిసార్లు నూతి దగ్గరకు వెళ్లి తలమీద నీళ్లు పోసుకున్నానో. అత్తగారు అరుగు మీద కూర్చుని అంతా చూస్తోంది.

"రేపు మందుకు ఎవరు వెళతారు?" అంది.

"నేనే వెళ్లాలి."

"వీణ్ని తీసుకునా? ఈ ఒంటితోనా?"

నేను తడి కొంగు పిండుకున్నాను.

"నేను వెళతాను," అంది అత్తగారు.

"మీరెలా వెళతారు అత్తయ్యా? బస్సు మీద నంబరు చదవలేరు. అక్కడ వాళ్ల మాట మీకు అర్థం కాదు."

"ఇదుందిగా," అంది, తోట గది గుమ్మంలో నిలబడ్డ మా పనావిడను చూపిస్తూ. "దానికి తురకం కూడా వచ్చు. రోజూ బండివాడితో పోట్లాడుతుంటే వింటున్నాగా. ఏమే, వస్తావా?"

"నేనెందుకు రాను పెద్దమ్మా! నువ్వు నడుస్తనంటె సిటీ అంత తిప్పుకొస్త," అంది ఆమె.

సోమవారం తెల్లవారగానే అత్తగారు స్నానం చేసి, ఆరేసిన చీర కట్టుకుని, ఇత్తడి చెంబులో మా నూతి నీళ్లు పట్టుకుని బయల్దేరింది. వెనకాల మా పనావిడ, తలంటుకుని, ఉతికిన చీరలో, చేతిలో బకెట్టు నిండా ఊకతో. ఫ్లాస్కును ఊకలో కూరిపెడితే ఐసు ఇంకాసేపు నిలుస్తుందని ఇద్దరూ కలిసి ఆలోచించారు. ఆ జంట రోడ్డు మీద నడిచి వెళుతుంటే ద్రాక్ష తోటలోని కూలీలు పని ఆపి చూశారు. ఎవరి పక్కనైనా కూర్చుంటే మడి పోతుందని అత్తగారు సిటీ దాకా నిలబడే వెళ్లిందట.

వాళ్లు తిరిగి వచ్చేదాకా నేను చచ్చిన కోళ్లను పాతిపెడుతూనే ఉన్నాను. అత్తగారు లేని ఇంట్లో బాబును మా అమ్మాయి చూసుకుంది. ఆ రోజు దాన్ని బడికి పంపలేదు. ఊయల ఊపుతూ ఎక్కాలు చదువుతుంటే గోడ అవతలికి వినిపించేది.

మధ్యాహ్నం కాకముందే వచ్చేశారు. ఫ్లాస్కు మూత తిప్పితే ఐసు ముక్కలు గలగలలాడాయి. ఆ చప్పుడు విని నాకు ఏడుపొచ్చింది. అత్తగారు మాత్రం, "ఏడవడానికి తర్వాత బోలెడు పొద్దుంది. ఆ టీకా ఆయన్ను పిలు," అని నూతి దగ్గరకు వెళ్లిపోయింది.

తోట గదిలో మా పనావిడ కోడి తర్వాత కోడిని పట్టి ఇస్తుంటే, టీకా వేసే ఆయన రెక్క కింద సూది గుచ్చి వదిలాడు. నేను లోపలికి వెళ్లకూడదు కనుక కిటికీ జాలీ పట్టుకుని బయటే నిలబడ్డాను. చివర్లో గంప కింది నాలుగు నాటుకోళ్లకు కూడా వేశారు.

రోడ్డు గది పూర్తిగా ఖాళీ అయింది. తోట గదిలోనూ కొన్ని పోయాయి కాని, చాలా మటుకు నిలిచాయి. నాటుకోళ్లు నాలుగూ బతికాయి. రోడ్డు గదిలో చివరి కోడిని పాతిన రాత్రే మా ఆయన బెజవాడ నుంచి తిరిగి వచ్చారు. ఉద్యోగం రాలేదు. ఖాళీ గది చూసి, బాబును చూసి, నా పక్కన కూర్చున్నారు. అది నాకు చాలా మేలు చేసింది.

ఎండలు తగ్గేనాటికి తోట గది కోళ్లు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. వానాకాలంలో కర్మాగారం గేటు కూడా తెరిచారు. మొదటి రోజు పనికి వెళ్లి వచ్చి, అన్నం తింటూ మా ఆయన మెల్లగా అడిగారు.

"ఇక మానేద్దామా మరి?"

అప్పటికే రోడ్డు గదికి సున్నం కొట్టించి, కొత్త కోడిపిల్లలు కావాలని చెప్పేశాను. ఈసారి ఆ గదిలో కొంత భాగం మా పనావిడది. కూలిలో కొంత ఆపుకుని తనకూ పిల్లలు తెప్పించమంది.

"ఇప్పుడు మానేస్తే ఇన్నాళ్లూ పడ్డ పాటు నేర్చుకోవడానికే సరిపోయినట్టు," అన్నాను. "ఇప్పుడిప్పుడే కాస్త చేతనవుతోంది."

ఆయన అన్నంలో మజ్జిగ కలుపుకున్నారు. "సరే, అయితే ఇకనుంచి మందుకు నువ్వు వెళ్లొద్దు. నేను సెలవు పెడతాను. నేను వెళ్లి మందు తెచ్చేదా, లేకపోతే నువ్వు వెళ్లొచ్చేదాకా పిల్లవాణ్ని చూసుకునేదా? రెండింట్లో ఏది కష్టం?"

"పిల్లవాణ్ని చూసుకోవడం," అన్నాను.

ఆయన నిజాయితీగా ఆలోచించారు. "అయితే మందు తెస్తాను."

అత్తగారు వంటింట్లోంచి అంది: "నీకు సెలవెందుకురా దండగ? ఆ దారీ తెన్నూ అన్నీ నాకు తెలుసు. నేనూ అదీ వెళ్లొస్తాం."

అలా ఆ పని ఆవిడదైపోయింది. కొత్త పిల్లలు వచ్చినప్పుడల్లా, వాటి వయసును బట్టి, ఒకరోజు ముందే చెంబు తోమి పెట్టుకునేది. మోకాళ్లు మొరాయించేదాకా ఆవిడే వెళ్లింది. కొన్నాళ్లకు మా పనావిడ పక్కనే సీట్లో కూర్చుని వెళుతోందని బస్సులో చూసినవాళ్లు చెప్పారు. మొదట్లో మధ్యాహ్నం కాకముందే వచ్చేవాళ్లు. తర్వాత తర్వాత పొద్దు వాలేదాకా వచ్చేవాళ్లు కాదు. అడిగితే, "మందు ముందే తీసుకుంటే ఐసు కరిగిపోతుంది. బయల్దేరే ముందే తీసుకోవాలి," అనేది. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఐసు ఎప్పుడూ గట్టిగానే ఉండేది.

ఒకసారి చీకటి పడుతుండగా అరుగు మీద పిల్లలిద్దరికీ అన్నం ముద్దలు పెడుతూ అత్తగారు పులి కథ చెబుతోంది. నేను లోపల గుడ్లు తుడుస్తున్నాను. ఆవిడ కథలో పులి ఎప్పుడూ అడవిలో ఉండి గర్జించేది. ఆ రోజు పులి ఎండకు నీళ్ల తొట్టిలో దిగి, గడ్డం అంచు మీద ఆనించి కునుకు తీస్తోంది.

"పులి నీళ్లలో పడుకుంటుందా నానమ్మా?" అంది మా అమ్మాయి.

"మరీ! నోరు తెరిచి ఆవులిస్తే, అబ్బ, కంపు కటకటాల దాకా కొడుతుంది. చేపల పొడి బస్తా ఏపాటి? కాని చెవులు చూడాలే. వెనకవైపు నల్లగా ఉండి మధ్యలో తెల్లటి బొట్టు పెట్టినట్టుంటుంది."

గోడ అవతల సామాన్లు కడుగుతున్న మా పనావిడ పెద్దగా దగ్గింది. అత్తగారు ఠక్కున ఆగిపోయి, "తినండి, తినండి, మాటలు చాలు," అంది.

నేను గుడ్లు తుడుస్తూనే ఉన్నాను. మందు తేవడానికి పొద్దంతా ఎందుకు పడుతుందని ఆవిణ్ని మళ్లీ ఎప్పుడూ అడగలేదు.